ఐపీఏ సీసా కొనేముందు లేబుల్ మీద ఏం చూడాలి

మొబైల్ రిపేరు సామాన్ల కొట్లో ‘ఐపీఏ’ అంటే ఇచ్చేది 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్. సర్క్యూట్ బోర్డు శుభ్రం చేయడానికి నిస్సంకోచంగా కొనొచ్చు. చేతులకు రాసుకోవడానికైతే వద్దు.

లేబుల్ మీద ఉత్త ‘ఆల్కహాల్’ అని ఉంటే ఆ సీసా ముట్టుకోవద్దు. అది ఒక్క ద్రవం పేరు కాదు. మద్యంలో ఉండేది ఇథనాల్. చూపు పోగొట్టి ప్రాణం తీసేది మిథనాల్. చర్మానికి రాసే క్రీముల్లోని సిటైల్ ఆల్కహాల్ మైనంలా గట్టిగా ఉంటుంది. అసలు ఈ మాటకు మొదట ద్రవంతోనే సంబంధం లేదు. అరబీలో ‘అల్-కుహ్ల్’ అంటే కళ్లకు పెట్టుకునే మెత్తటి సుర్మా పొడి. లాటిన్‌లోకి వెళ్లాక ఏ మెత్తటి పొడికైనా అదే పేరైంది, తర్వాత దేన్నుంచైనా తీసిన సారానికి పాకింది. 16వ శతాబ్దంలో స్విస్ వైద్యుడు పారాసెల్సస్ ద్రాక్షసారా నుంచి తీసిన స్పిరిట్‌ను ‘ఆల్కహాల్ వినీ’ అన్నాడు. రసాయన శాస్త్రజ్ఞులు ఆనక ఆ పేరునే ఇలాంటి పదార్థాల మొత్తం కుటుంబానికి పెట్టారు. అందుకే పేరుతో ఆగకుండా సీఏఎస్ నంబరు, అంటే ఒక్కో రసాయనానికి విడిగా ఇచ్చే గుర్తింపు సంఖ్య, చూడండి. ఐసోప్రొపైల్‌కు 67-63-0, ఇథనాల్‌కు 64-17-5, మిథనాల్‌కు 67-56-1. నంబరు లేని సీసా, సీలు లేకుండా పెద్ద డబ్బాలోంచి పోసిచ్చే సరుకు ఎంత చవకైనా వద్దు. వాసన చూసి మిథనాల్‌ను పట్టుకోలేం.

నీళ్లు కలిపారా అన్నది మాత్రం ఇంట్లోనే తేలుతుంది. గాజు సీసాలో 50 మి.లీ. ద్రవం పోసి, చెంచాడు పొడి ఉప్పు వేసి ఊపండి. సరుకు మంచిదైతే ఉప్పు ఇసుకలా విడివిడిగా అడుగున ఆడుతుంది. నీళ్లు బాగా ఉంటే ఉప్పు తడిసి ముద్దకడుతుంది, అడుగున ఉప్పునీరు వేరే పొరగా దిగుతుంది. మిథనాల్ కలిసిందా అన్నది ఈ పరీక్ష చెప్పదు.

బోర్డు పని ఇలా: బ్యాటరీ కనెక్టర్ తీసేయాలి. మెత్తటి యాంటీస్టాటిక్ బ్రష్‌ను ఐపీఏలో ముంచి ఫ్లక్స్ (టంకం అతకడానికి వాడగా బోర్డు మీద మిగిలే జిగురు పదార్థం) మీద రుద్దాలి. చాలామంది ఇక్కడే వదిలేస్తారు. ద్రవం ఆరిపోతుంది గానీ కరిగిన ఫ్లక్స్ ఎక్కడికీ పోదు, తెల్లటి పొరగా బోర్డంతా పరుచుకుంటుంది. ఆరకముందే నూలు పోగులు రాలని గుడ్డతో అద్ది తీసి, కొత్త ఐపీఏతో మరోసారి కడగాలి. షీల్డుల (చిప్‌ల మీది లోహపు మూతల) కింద తడి ఆలస్యంగా ఆరుతుంది కాబట్టి అరగంటైనా ఆగి బ్యాటరీ తగిలించండి. డిస్‌ప్లే అంచుల మీద పోయకండి, పొరల మధ్యకు దిగి మచ్చలు పడతాయి. యాక్రిలిక్‌కు అసలే తగలనివ్వకండి, సన్నటి పగుళ్లు వస్తాయి.

క్రిములు చంపడానికి 99 కంటే 70 శాతమే మేలు. నీళ్లుంటేనే క్రిమిలోని ప్రోటీన్లు త్వరగా చెడతాయి, తడి కూడా కాసేపు నిలుస్తుంది. 99 శాతం ద్రవం సుమారు 700 మి.లీ. కొలిచి, డిస్టిల్డ్ వాటర్‌తో లీటరు గీత దాకా నింపితే చాలు. అది బల్లలకు, పనిముట్లకు. చేతులకు మందుల షాపులో తయారుగా దొరికే శానిటైజరే నయం, చర్మం ఎండిపోకుండా అందులో గ్లిజరిన్ ఉంటుంది.

ఐపీఏ ఫ్లాష్ పాయింట్, అంటే దాని ఆవిరి నిప్పు తగిలితే అంటుకునేంతగా లేచే కనీస ఉష్ణోగ్రత, దాదాపు 12 డిగ్రీల సెల్సియస్. అంటే మన ఊళ్లలో దాదాపు ఏడాది పొడుగునా నిప్పుకు సిద్ధంగా ఉన్నట్టే. ఆవిరి గాలికంటే బరువు, నేలబారున పాకుతుంది. వేడి సోల్డరింగ్ ఐరన్ పక్కన మూత తీసిన సీసా పెట్టొద్దు. కిటికీ తెరవండి. మూత వదులుగా ఉంటే ఆవిరైపోవడమే కాదు, మిగిలింది గాల్లోని తేమ పీల్చుకుని పలచబడుతుంది. అందుకే అరుదుగా వాడేవాళ్లకు లీటరు డబ్బా కంటే 100 మి.లీ. సీసాయే లాభం.