పోర్టబుల్ స్కానర్‌తో నాలుగేళ్లు: పసుపు మరకలు, బుడమేరు నీళ్లు

2020 జూన్ 29న కేంద్రం 59 యాప్‌లను నిషేధించినప్పుడు ఊరంతా టిక్‌టాక్ గురించే మాట్లాడుకుంది. నాకు మాత్రం ఫోన్‌తో కాగితాలు స్కాన్ చేసే క్యామ్‌స్కానర్ కూడా అందులో పోయిందన్న బాధ. అప్పటిదాకా ఆధార్ కాపీ అయినా, పాప స్కూల్ ఫీజు రసీదు అయినా దాంతోనే తీసి పంపేవాణ్ని. తర్వాత వేరే యాప్‌లు నాలుగైదు వేసి చూశాను. ఏదీ చేతికి అలవాటవలేదు. చివరికి 2021లో ఒక పోర్టబుల్ స్కానర్ కొన్నాను. పదివేలకు కాస్త అటూఇటూ పడింది. కంపెనీ పేరు రాయడం లేదు. నేను చెప్పబోయే తిప్పలు చాలావరకు ఈ రకం మిషన్లన్నిటికీ ఉండేవే.

చూడ్డానికి చపాతీ కర్రకి అన్నగారిలా ఉంటుంది. బరువు అరకేజీ. యూఎస్‌బీ వైరుతో లాప్‌టాప్‌కి తగిలిస్తే కరెంటు కూడా అక్కణ్నుంచే తీసుకుంటుంది, వేరే అడాప్టర్ గొడవ లేదు. ముందు వైపు కాగితం అంచు పెడితే లాక్కుని వెనక నుంచి వదులుతుంది. ఒకసారికి ఒక్క కాగితం, అదీ ఒక్క వైపే. రెండో వైపు కావాలంటే తిప్పి మళ్లీ పెట్టాలి. వెనక గోడ ఉంటే కాగితం దానికి కొట్టుకుని నలిగిపోతుంది కాబట్టి టేబుల్‌ని జరుపుకోవాలి. అమ్మ దీనికి ‘కాగితాలు మింగే మిషను’ అని పేరు పెట్టింది.

మాది విజయవాడ సింగ్‌నగర్. మంచం కింద నాన్న ట్రంకుపెట్టె ఒకటుండేది. ఇంటి దస్తావేజులు, ఈసీలు (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్లు), ఎల్‌ఐసీ బాండ్లు, ఊళ్లో పొలం తాలూకు అడంగల్ నకళ్లు, నా టెన్త్ మార్కుల లిస్టు, తాతయ్య రాసిన ఇన్‌లాండ్ ఉత్తరాలు, ఎప్పుడో అమ్మేసిన స్కూటర్ ఇన్సూరెన్సు కాగితాలు, అన్నీ అందులోనే. వారానికి ఒక కట్ట చొప్పున స్కాన్ చేసేస్తే ఆరు నెలల్లో పెట్టె ఖాళీ అనుకున్నాను. ‘పేపర్‌లెస్’ అన్న మాట మీద అప్పుడు మోజు ఎక్కువ.

మొదటి ఆదివారమే దెబ్బ తగిలింది. 1983 నాటి ఇంటి దస్తావేజుతో శుభమా అని మొదలుపెట్టాను. మనవాళ్లు రిజిస్ట్రేషన్ అయి ఇంటికి రాగానే కాగితానికి నాలుగు మూలలా పసుపు రాస్తారు కదా! మా అమ్మ ధారాళంగానే రాసింది. నలభై ఏళ్ల నాటి పసుపు ఎండి పొడిగా మారి లోపలి రోలర్‌కి అంటుకుంది. ఆ తర్వాత మింగించిన ప్రతి కాగితం అంచునా ఒక పచ్చటి చార. కొంత పొడి గాజు మీద పడి, స్క్రీన్ మీద పేజీ పొడవునా గీటు పెట్టినట్టు సన్నటి నిలువు గీత కూడా కనిపించింది. కాగితం మీద లేని గీత స్కాన్‌లో నిటారుగా పైనుంచి కిందిదాకా ఉందంటే గాజు మీద ఏదో అంటుకున్నట్టే. కాగితం కదులుతుంది, సెన్సర్ కదలదు, అందుకే చిన్న నలుసు కూడా గీతయి కూర్చుంటుంది. కళ్లజోడు తుడిచే గుడ్డతో తుడిస్తే పోయింది. రోలర్‌కి మాత్రం తడిపి పిండిన గుడ్డ, ఓపిక, అమ్మ నవ్వు, మూడూ కావాల్సి వచ్చాయి. అప్పట్నుంచి పాత దస్తావేజు ఏదైనా ముందు మెత్తటి బ్రష్‌తో దులిపి పెడుతున్నాను. గుండుసూదులు, స్టేప్లర్ పిన్నులు తీయడం సరేసరి. ఒక్క పిన్ను లోపలికి వెళ్తే గాజు మీద శాశ్వతంగా గీత పడొచ్చు.

రెండో పొరపాటు నాదే. స్టాంపు పేపరు ఏ4 కంటే పొడుగు. నేను సైజు ఏ4లోనే ఉంచి ఇరవై పేజీలు లాగించాను. తర్వాత చూసుకుంటే ప్రతి పేజీలోనూ కింద సంతకాలు, వేలిముద్రలు ఉండే రెండంగుళాలు లేవు. సైజు ‘లీగల్’కి మార్చి మొత్తం మళ్లీ చేశాను.

సెట్టింగుల సంగతికొస్తే, నేను 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) దాటను. ఏ4 కాగితం 300లో 2480 పిక్సెళ్ల వెడల్పు, 3508 ఎత్తు వస్తుంది, ప్రింటు తీసినా అక్షరం చెదరదు. 600 పెడితే పిక్సెళ్లు నాలుగింతలు, టైమూ పెరుగుతుంది, చదవడానికి మాత్రం పెద్ద తేడా ఉండదు. పూర్తి బ్లాక్ అండ్ వైట్ జోలికి మాత్రం పోవద్దు. మాసిన రబ్బరు స్టాంపు ముద్రలు, పెన్సిల్ రాతలు అందులో మాయమైపోతాయి. ముద్రలున్నవి కలర్‌లో, మిగతావి గ్రేలో. ఇంత శ్రద్ధగా చేసినా, ఏదో దరఖాస్తు పెట్టేటప్పుడు ‘ఫైలు 200 కేబీ దాటరాదు’ అంటారు, అదంతా పిండి పిప్పి చేయాలి.

తెలుగులో వెతుక్కోవడం ఒక పెద్ద ఆశ. టెసరాక్ట్ అనే ఉచిత ఓసీఆర్ (బొమ్మలోని అక్షరాలను గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్) తెలుగు చదువుతుంది. గూగుల్ డ్రైవ్‌లో పెట్టి డాక్స్‌లో తెరిచినా అక్షరాలు తీసి ఇస్తుంది. శుభ్రంగా అచ్చయిన కాగితం అయితే ఫర్వాలేదు, ఒత్తుల దగ్గర తడబడుతుంది. దస్తావేజు లేఖరి గొలుసుకట్టు రాత ముందు మాత్రం రెండూ చేతులెత్తేశాయి. ఆ రాత మా నాన్నకే సగం అర్థం కాదు! అందుకని ఫైలు పేరే నాకు దిక్కు. ముందు సంవత్సరం, తర్వాత విషయం, తర్వాత మనిషి: ‘1983-ఇంటి దస్తావేజు-నాన్న’. కాగితం లోపలికి వెళ్లి రావడానికి కొన్ని సెకన్లు చాలు, దానికి పేరు పెట్టడానికే నిమిషం పట్టేది. ఆరు నెలల పథకం అక్కడే చతికిలపడింది. ఇంకో కారణం, బైండు చేసినవి దీంట్లో పట్టవు. పాసుపుస్తకం, నాన్న పద్దుల పుస్తకం, ఇవన్నీ ఫోన్‌తోనే తీసుకోవాలి.

నాన్నకు ఈ వ్యవహారం మీద మొదట్నుంచీ నమ్మకం లేదు. “ఒరేయ్, కంప్యూటర్లో ఉన్నదానికి విలువేముంటుందిరా?” అనేవారు. ఆయన అన్నదాంట్లో తప్పేం లేదు. ప్రభుత్వ ఆన్‌లైన్ పత్రాల పెట్టె డిజిలాకర్‌లోకి ప్రభుత్వ శాఖే పంపిన లైసెన్సు, ఆర్‌సీ లాంటివి అసలుతో సమానం. మనం స్కాన్ చేసి అదే లాకర్‌లో ఎక్కించుకున్నది మాత్రం ఉత్త కాపీయే. వీలునామా అయితే ఎలక్ట్రానిక్ పత్రాలకు గుర్తింపునిచ్చే ఐటీ (సమాచార సాంకేతిక) చట్టం పరిధిలోకే రాదు, కాగితం మీద ఉండాల్సిందే. కాబట్టి దేన్నీ చింపి పారేయలేదు. స్కాన్ చేసినవాటిని కూడా తిరిగి ట్రంకుపెట్టెలోనే పెట్టాను. మూడేళ్లయ్యేసరికి పెట్టెలో మూడొంతులు పూర్తయ్యాయి, ఉత్తరాలు మాత్రం అడుగున అలాగే ఉన్నాయి. వాటితో అర్జెంటు పనేముంది?

2024 సెప్టెంబరు 1, ఆదివారం. బుడమేరు వాగు పొంగి నీళ్లు వీధిలోకి వచ్చాయని లేచేసరికి గడప దాటుతున్నాయి. అమ్మానాన్నల్ని పై వాటా వాళ్లింటికి ఎక్కించి, మందులు, లాప్‌టాప్ బ్యాగు తీసుకెళ్లాను. స్కానర్ ఆ బ్యాగులోనే ఉంది. ట్రంకుపెట్టె లాగడానికి కిందికి దిగేసరికి నీళ్లు తొడల దాకా వచ్చాయి, పెట్టె కదల్లేదు.

నీళ్లు తీసి ఇంట్లోకి అడుగుపెట్టాక పెట్టె తెరిస్తే లోపల కాగితాలు లేవు, తడి ఇటుక లాంటి ముద్ద ఒకటి ఉంది. విడదీస్తుంటే గమనించిందేంటంటే, టైపు చేసినవి, బాల్‌పెన్నుతో రాసినవి చాలావరకు నిలిచాయి. ఇంకు పెన్నుతో రాసినవి నీలం మరకలయ్యాయి. ప్లాస్టిక్ కవర్లో భద్రంగా పెట్టినవే ఎక్కువ బూజు పట్టాయి, నీళ్లు లోపలికి పోయి బయటికి రాలేదు మరి.

స్కాన్ కాపీలు ఒకటి గూగుల్ డ్రైవ్‌లో, ఒకటి తెనాలిలో మా బావమరిది దగ్గరున్న హార్డ్ డిస్క్‌లో ఉన్నాయి. వాటి ఉపయోగం నేను అనుకున్నట్టుగా మాత్రం కాదు. ఎవరూ స్కాన్ చూసి “సరే” అనలేదు. కానీ దస్తావేజు నంబరు, సంవత్సరం, ఏ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసో అందులో ఉన్నాయి కాబట్టి సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు పెట్టడం అరగంట పని అయింది. బాండ్లకు పాలసీ నంబర్లు, మార్కుల లిస్టుకు హాల్ టికెట్ నంబరు, బండి క్లెయిముకు పాలసీ కాపీ, అన్నీ అలాగే. మా పక్కింటాయన తన దస్తావేజు నంబరు కోసం పాత ఈసీలన్నీ తీయించుకుని వెతుక్కోవాల్సి వచ్చింది.

ఇప్పుడు మిషన్ పరిస్థితి. రబ్బరు రోలర్ నున్నబడింది, పల్చటి కాగితాన్ని వంకరగా లాగుతోంది. ఆ ఒక్క భాగం విడిగా దొరకదని సర్వీసు సెంటర్లో చెప్పారు. ఆల్కహాల్‌తో తుడిస్తే కొన్నాళ్లు పట్టు వస్తుంది, అంతే. మళ్లీ కొనాల్సి వస్తే ఇది కొనను. ఇరవై కాగితాలు ఒకేసారి పెట్టే ట్రే ఉండి, రెండు వైపులా ఒకేసారి తీసే చిన్న మిషన్లు ఉన్నాయి. ధర ఎక్కువే, కానీ ఒక ట్రంకుపెట్టె ఉన్నవాళ్లకు అవే కావాలి. నెలకు నాలుగు బిల్లులు ఉన్నవాళ్లకైతే ఫోన్ చాలు. ఏటీఎం స్లిప్పులు, పెట్రోలు బిల్లులు లాంటి థర్మల్ కాగితాలు ఎండకో వేడికో వెలిసిపోతాయి, వాటిని ఏ రోజుకారోజు ఫోన్‌తోనే తీసేయండి.

తాతయ్య ఉత్తరాల ముద్ద మేడ మీద నీడలో ఎండింది. నాన్న దాన్ని పారేయనివ్వలేదు. కంప్యూటర్లో విలువేముంటుందన్న ఆయనే ఇప్పుడు సాయంత్రాలు చెంచా కాడతో ఒక్కో ఇన్‌లాండ్ లెటర్ విడదీసి నాకిస్తున్నారు. అవి నేరుగా పెడితే రోలర్ చింపేస్తుంది, అందుకని పారదర్శకంగా ఉండే ఎల్ ఫోల్డర్‌లో పెట్టి మింగిస్తున్నాను. ఇప్పటికి పదకొండు అయ్యాయి. చిరునామా, పోస్టాఫీసు ముద్ర స్పష్టంగా ఉన్నాయి. లోపల రాసిందంతా ఇంకు పెన్నుతో. కాంట్రాస్ట్ పెంచి చూస్తే ఒకదాంట్లో ‘చిరంజీవి’ వరకు చదవగలిగాం.