ఆ 'నియర్ మింట్' అన్న దగ్గర రికార్డు కొంటున్నారా? ఒక్క నిమిషం ఆగండి

ఇంకా కోపంలోనే ఉన్నాను, వరస తప్పితే సర్దుకోండి. వినైల్ రికార్డులు కొనే తెలుగువాళ్లం మహా అయితే ఎంతమందిమి? కాబట్టి నేను ఎవరి గురించి చెబుతున్నానో మీలో సగం మందికి ఈపాటికే తెలిసిపోయి ఉంటుంది. బెంగళూరులో ఉంటాడు, శుక్రవారం రాత్రి లాట్ (ఒక విడత రికార్డులు) అమ్మకానికి పెడతాడు, అందరినీ 'తమ్ముడూ' అంటాడు. పేరు రాయను. ('నియర్ మింట్' అంటే వాడినా దాదాపు కొత్తదానిలా ఉందని రికార్డులవాళ్ల మాట.)

కొన్నది కియాస్మోస్ అనే ఎలక్ట్రానిక్ సంగీత జంట మొదటి ఆల్బమ్. అదేనండీ, ఓలాఫుర్ ఆర్నాల్డ్స్, యానుస్ రాస్ముసెన్ కలిసి చేసింది, 2014లో లండన్‌లోని ఇరేజ్డ్ టేప్స్ అనే లేబుల్ (రికార్డు కంపెనీ) నుంచి వచ్చింది. ఐస్‌లాండ్ జంట అనేస్తాం గానీ యానుస్‌ది ఫారో దీవులు, ఐస్‌లాండ్ రాజధాని రేక్యవిక్ వచ్చి స్థిరపడ్డాడు. ఎనిమిది పాటలు, ఎక్కడా సాహిత్యం లేదు. కింద మెత్తగా బీట్, పైన పియానో, తీగవాద్యాలు. నైట్ షిఫ్టులు చేసిన రెండేళ్లూ దీన్ని ఫోన్‌లోనే విన్నాను. రికార్డు కొనుక్కోవాలని అప్పటినుంచీ కోరిక.

4,600, కొరియర్‌తో కలిపి. స్కాన్ చేసి పంపేశాను. 'రెండేసార్లు ప్లే చేశా తమ్ముడూ, నియర్ మింట్, నీకు కాబట్టి ఈ రేటు' అన్నాడు. ఫోటోలేమో ట్యూబ్‌లైట్ కింద నిటారుగా పైనుంచి తీసినవి. అలా తీస్తే గీతలు కనబడవని నాకు తెలీదా? తెలుసు. ఏడేళ్లుగా కొంటున్నాను. కానీ 'మాది విజయవాడ, మీది గుంటూరా!' అనగానే కరిగిపోయాను. వెధవ బుద్ధి.

వచ్చింది. పెట్టాను. మొదటి సైడు నుంచే చిటపట. సూది మీద దుమ్మేమో అనుకుని తుడిచాను. రికార్డు తుడిచాను. మళ్లీ అదే. చివరి సైడుకి వచ్చేసరికి మాత్రం టక్, టక్, టక్. మర్యాదగానే మెసేజ్ పెట్టాను, 'అన్నా, కాస్త నాయిస్ ఉంది, ఒకసారి చూస్తావా' అని.

అప్పుడొచ్చింది ఆ వాయిస్ నోట్. నలభై సెకన్లు. అందులో ముందు పది సెకన్లు నవ్వే. తర్వాత, 'తమ్ముడూ, ఎలక్ట్రానిక్ వినడం నీకు కొత్తనుకుంటా. అది నాయిస్ కాదమ్మా, టెక్స్చర్. ఐస్‌లాండ్ వాళ్లు మంచు విరిగినట్టు ఉండాలని కావాలనే పెడతారు. రెండు మూడుసార్లు వింటే చెవి అలవాటు పడుతుంది.'

చెవి అలవాటు పడుతుందట!

నన్ను కాల్చింది ఆ నవ్వు ఒక్కటే కాదు, నేను నమ్మడం. ఎందుకు నమ్మానంటే ఆ అబద్ధంలో ఒక పిసరు నిజం ఉంది. ఈ ఆల్బమ్‌లో బీట్ వెనకాల చిన్నచిన్న టిక్కులు, గరగరలు నిజంగానే వినబడతాయి. వాడికి సంగీతం తెలుసు, అందుకే ఎక్కడ గుచ్చాలో తెలుసు. వందసార్లు విన్న ఆల్బమ్‌ని పట్టుకుని నాకు నేనే 'ఫోన్‌లో సరిగ్గా వినలేదేమో' అనుకున్నాను. రెండు రాత్రులు అదే పని. వంటింట్లోంచి అమ్మ 'ఏంట్రా, పోపులో ఆవాలు వేగుతున్నట్టు ఆ చప్పుడు?' అంది. నేనేమో అమ్మకి టెక్స్చర్ అంటే ఏమిటో వివరించాను. వివరించాను!

మూడో రోజు కాస్త బుద్ధి వచ్చింది. రికార్డు మధ్యలో అంటించి ఉండే గుండ్రటి కాగితం మీద చిన్న కాగితం ముక్క పెట్టి తిప్పాను. ఆ ముక్క నా వైపు వచ్చిన ప్రతిసారీ ఒక టక్. ప్రతి చుట్టుకీ. బీట్ ఒక దారిన పోతుంటే ఇది ఇంకో దారిన పోతోంది. రేక్యవిక్‌లో కూర్చున్న మనిషి నా టర్న్‌టేబుల్ చుట్టు లెక్కపెట్టి మరీ మంచు విరిచాడన్నమాట. పక్కనే ఫోన్‌లో అదే చోటు వింటే శుభ్రంగా ఉంది. వీడియో తీసి పంపాను.

తమ్ముడు కాస్తా 'సార్' అయిపోయాడు. 'సార్, వాడిన ప్లేటు వెనక్కి తీసుకోము. మీ సూది గీసి ఉండొచ్చు.' అంటే ఆ గీత కూడా నాదే! గంట తర్వాత వాడి స్టేటస్, 'టర్న్‌టేబుల్ కొన్న ప్రతివాడూ ఆడియోఫైలే.' అంటే శబ్దం నాణ్యత తెలిసిన మహా పండితుడని ఎద్దేవా. నవ్వు బొమ్మలు మూడు. అది చూసి కాల్ చేసేలోపు బ్లాక్.

పాటల పేర్లు చూడండి: లిట్, హెల్డ్, లూప్డ్, స్వేయ్డ్, త్రోన్, డ్రాగ్డ్, బెంట్, బర్న్ట్. పట్టుకున్నారు, ఊపారు, విసిరారు, ఈడ్చారు, వంచారు, కాల్చారు. నా వారమంతా వాళ్లు పదేళ్ల కిందటే వరసగా రాసిపెట్టారు.

ఇంతవరకూ అయితే ఊరుకునేవాణ్ణే. ఇవాళ పొద్దున రికార్డు తిరిగి లోపల పెడుతుంటే దాని లోపలి కవరు కిటికీ వెలుతురుకి అడ్డం వచ్చింది. మూలన పెన్సిల్ రాత, రబ్బరుతో చెరిపిన గుర్తు. ఏటవాలుగా పట్టుకుని చదివితే ఇంగ్లీషులో 'చివరి సైడు, గీత ఉంది' అని. ఎవరో పాత ఓనరు నిజాయితీగా రాసుకున్నాడు. దాన్ని వీడు కూర్చుని తుడిచాడు. పక్కనే అచ్చులో లేబుల్ పేరు, ఇరేజ్డ్ టేప్స్. చెరిపేసిన టేపులు. ఇంతకన్నా ఏం చెప్పను?

అంటే ఆ నవ్వు నవ్వేటప్పుడు వాడికి అంతా తెలుసు.

సరే, కొనేవాళ్లకి రెండు ముక్కలు. ఫోటో వద్దు, టార్చి పక్కనుంచి కొడుతూ తీసిన వీడియో అడగండి. ప్రతి సైడూ ఒక నిమిషం ప్లే చేసి పంపమనండి. చిటపట మీద అనుమానం వస్తే గడియారం పెట్టుకోండి: 33 స్పీడు (నిమిషానికి 33⅓ చుట్లు) రికార్డు చుట్టుకి 1.8 సెకన్లు, 45 అయితే 1.33. టక్కు టక్కుకి మధ్య అంతే ఉంటే అది గీతే, ఏ దేశపు మంచూ కాదు. పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తియ్యండి. ఊరి పేరు చెబితే కరిగిపోకండి (ఇది నాకు).

ఈ శుక్రవారం లాట్‌లో ఇంకో రెండు ఐస్‌లాండ్ రికార్డులు పెడుతున్నాడట, రెండూ నియర్ మింటేనట. వాటి మీద కన్నున్నవాళ్లు నాకు మెసేజ్ చెయ్యండి, ఆ వాయిస్ నోట్, పెన్సిల్ రాత ఫోటో రెండూ పంపిస్తా.