నెల్లూరులో రెండు రోజులు: ఉద్యోగం రొట్టె, కారం దోసె, నిన్నటి పులుసు

నెల్లూరు వెళ్దామన్నది మా పిన్ని. నిరుడు అక్కడి బారా షహీద్ దర్గా చెరువులో జరిగే రొట్టెల పండగకు వెళ్లి, ఉద్యోగం రావాలని కోరుకుంటూ నా తమ్ముడి కోసం ఉద్యోగం రొట్టె తీసుకుంది. వాడికి ఫిబ్రవరిలో ఉద్యోగం వచ్చింది. కోరుకున్నది జరిగితే మరుసటి ఏడు అదే చెరువుకు రొట్టెతో వెళ్లి, అదే కోరికతో వచ్చిన ఇంకొకరికి ఇవ్వాలి. "అంత జనంలో ఒక్కదాన్నీ తిరగలేను, నువ్వు తోడు రావే" అంది. చేపల పులుసును ఒక్కసారైనా నెల్లూరులో తినాలని నాకు ఎప్పటినుంచో ఉంది. వెంటనే సరేనన్నాను.

పండగ మొహర్రం నెలలో ఐదు రోజులు జరుగుతుంది. చాంద్రమానం లెక్క కాబట్టి ఏటా పది పదకొండు రోజులు ముందుగా వస్తుంటుంది. 2025లో జూలై 6న మొదలైంది. దర్గాకు గంధం సమర్పించే గంధ మహోత్సవం నాటి రద్దీ పిన్ని తట్టుకోలేదని, అది అయిపోయాక చివరి రెండు రోజులకు వెళ్లాం. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకు నేనూ ఇదే చెబుతాను. రొట్టెలు మార్చుకోవడం చివరి రోజు దాకా సాగుతూనే ఉంటుంది.

విజయవాడలో పొద్దున్నే పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కితే నాలుగు గంటల్లో నెల్లూరు. పినాకిని అంటే పెన్నా నదే. నెల్లూరు ఆ నది ఒడ్డునే ఉంది. పిన్ని రాత్రంతా కూర్చుని చేసిన గోధుమ రొట్టెలు స్టీలు డబ్బాలో పెట్టుకుని, ఆ డబ్బాను ఒళ్లోంచి దించలేదు.

బస విషయంలో మాత్రం దెబ్బ తిన్నాం. ఆన్‌లైన్‌లో గది బుక్ చేసి డబ్బు కట్టినా, తీరా అక్కడికి వెళ్లాక "పండగ రేటు వేరేనమ్మా" అని దాదాపు సగం ఎక్కువ అడిగారు. వాదించి వాదించి డబ్బు వెనక్కి తీసుకునేసరికి గంటన్నర పోయింది. పండగ రోజుల్లో వెళ్తుంటే లాడ్జికి ఫోన్ చేసి, రేటు ఎంతో మెసేజ్‌లో పెట్టించుకోండి. తర్వాత స్టేషన్‌కు దగ్గర్లో ఒక పాత లాడ్జి దొరికింది. లిఫ్టు లేదు, గోడలకు రంగు వేసి ఎన్నేళ్లయిందో. కానీ దుప్పట్లు ఉతికినవి, పొద్దున ఐదింటికే వేడినీళ్లు, 24 గంటల చెకౌట్. వీటన్నిటికంటే మేలైంది రిసెప్షన్‌లో కూర్చున్న పెద్దాయన. ఎక్కడ ఏం తినాలో, ఏ టైముకు తినాలో వరసగా చెప్పాడు. మేం రెండు రోజులు తిరిగింది ఆయన చెప్పినట్టే.

సాయంత్రం దర్గామిట్టకు ఆటోలో వెళ్లాం. పండగ రోజుల్లో దర్గా దాకా ఆటోలను పోనివ్వరు, కొంత దూరం నడవాలి. ఆటో ఎక్కేముందే బేరం తెంచుకోండి. బారా షహీద్ దర్గా స్వర్ణాల చెరువు గట్టున ఉంటుంది. బారా అంటే పన్నెండు, షహీద్ అంటే అమరవీరుడు. యుద్ధంలో ప్రాణాలు వదిలిన పన్నెండు మంది వీరుల సమాధులు అక్కడున్నాయి. రొట్టెల వెనుక కథ మటుకు ఆర్కాట్ నవాబు కాలానిదని చెప్పుకుంటారు. చెరువు దగ్గర బట్టలుతికే దంపతుల్లో భార్యకు కలలో షహీదులు కనిపించారట. జబ్బుపడ్డ నవాబు బేగంకు ఈ సమాధుల పక్కనున్న మట్టి నుదుటికి రాస్తే నయమవుతుందని చెప్పారట. అది నిజమయ్యాక నవాబు కృతజ్ఞతగా ఇక్కడికొచ్చి రొట్టెలు పంచాడని అంటారు. 2015లో దీన్ని రాష్ట్ర పండగగా ప్రకటించారు.

గట్టు వెంట ఆరోగ్యం, చదువు, పెళ్లి, సంతానం, ఇల్లు, ఉద్యోగం అని బోర్డులు కట్టి ఉన్నాయి. తలమీద కొంగు కప్పుకుని అందరూ నీళ్లలోకి దిగుతున్నారు. బొట్టు పెట్టుకున్నవాళ్లు, బురఖా వేసుకున్నవాళ్లు, పక్క రాష్ట్రాల నుంచి వచ్చి తమిళం, కన్నడం మాట్లాడుతున్నవాళ్లు అంతా కలిసే ఉన్నారు. పిన్ని మోకాలి లోతు నీళ్లలో నిలబడి మొదట మెల్లగా, తర్వాత గట్టిగా "ఉద్యోగం రొట్టె, ఉద్యోగం రొట్టె" అని పిలవడం మొదలుపెట్టింది. అరనిమిషం కాకముందే ఇరవై రెండేళ్ల అమ్మాయి ఒకతె వచ్చి చేతులు చాచింది. కడప నుంచి వచ్చిందట, ఇంట్లో మొదటి డిగ్రీ తనదేనట. పిన్ని రొట్టె ఇచ్చి ఆమె తల నిమిరింది. ఆ పిల్ల నీళ్లలోనే నిలబడి ముక్క తుంచుకుని తింటుంటే పిన్నికి కళ్లనీళ్లు ఆగలేదు. నాకూ ఆగలేదు. ఎంతో ఖరీదు పెట్టి నేను తిన్న ఏ విందులోనూ తిండికి అంత విలువ కనిపించలేదు.

ఏర్పాట్ల సంగతికొస్తే, తాగునీళ్లు, స్నానాలకు జల్లులు, తప్పిపోయిన పిల్లల కోసం మైకులో ప్రకటనలు బాగున్నాయి. బట్టలు మార్చుకునే గదుల దగ్గర మాత్రం ఆడవాళ్ల వరస చాలా పెద్దది. చెరువు మెట్లు పాచిపట్టి జారుతున్నాయి. పిన్నిని రెండు చేతులా పట్టుకోవాల్సి వచ్చింది.

ఆ రాత్రి అలసటతో, కళ్ల ముందు కనిపించిన పెద్ద ఏసీ రెస్టారెంట్‌లోకి వెళ్లి తప్పు చేశాం. మెనూలో "నెల్లూరు స్పెషల్" అని ఉన్న పులుసు తెప్పించుకుంటే ఉల్లి, టమాటా ముద్దలో చేప ముక్కలు వేసినట్టుంది. చింతపండు జాడే లేదు. బిల్లు మాత్రం ఘనంగా వచ్చింది.

మర్నాడు పొద్దున ఏడింటికి, పెద్దాయన చెప్పిన చిన్న టిఫిన్ బండి దగ్గర కారం దోసె తిన్నాం. ఎండుమిరపకాయలు, ఉల్లిపాయ, వెల్లుల్లి నూరిన ఎర్రకారం పెనం మీదే దోసెకు రాసి, పైన పప్పుల పొడి చల్లి, నెయ్యి వేసి కాలుస్తారు. నెయ్యి అడక్కుండానే ధారాళంగా వేశాడు. అంచులు కరకరలాడుతుంటే మధ్యలో మెత్తగా ఉంది. కారం నాలుక మీద మంట పెట్టదు, మెల్లగా చెవుల్లోకి ఎక్కుతుంది. తొమ్మిదిన్నరకు అటుగా మళ్లీ వెళ్తే పిండి అయిపోయి బండి కడిగేస్తున్నాడు. ఈ సైజు ఊళ్లలో మంచి తిండికి ఒక వేళ ఉంటుంది, అది దాటితే దొరకదు.

శాకాహారం కావాలంటే కోమల విలాస్‌లో భోజనం చేయమని లాడ్జి పెద్దాయనే కాదు, ఆటో అతనూ చెప్పాడు. పిన్నికి ఆ రోజు ఒక్కపొద్దు కాదు గనుక మేం చేపల మెస్‌కే వెళ్లాం.

ఆ మెస్‌కు బోర్డు కూడా సరిగా లేదు. నాలుగే బల్లలు. అరవై దాటిన ఒకామె వడ్డిస్తూ, "నిన్నటిదా, ఇయ్యాల్టిదా అమ్మణ్ణీ?" అని అడిగింది. రెండు కుండల్లో రెండు పులుసులు. రెండూ పెట్టించుకున్నాం. ఇవాళ్టిది పలచగా, పులుపు మీద ఉంది. నిన్నటి దాంట్లో చింతపండూ కారమూ ముక్క నడిమి దాకా దిగి, పైన నూనె తేలి, మెంతి వాసన నిలిచింది. మామిడికాయ ముక్క నోట్లో వేసుకోగానే విచ్చిపోయింది. చేప కొరమీను, ముక్క ఎక్కడా చెదరలేదు. ఎలాగని అడిగితే, ముక్కలు వేశాక గరిటె పెట్టకూడదని, గుడ్డతో కుండ అంచులు పట్టుకుని తిప్పాలని చేతులతో చేసి చూపించింది. మెంతులు, ధనియాలు, ఆవాలు నూనె లేకుండా వేయించి కొట్టిన పొడి చివర్లోనే వేస్తుందట. అన్నం మాత్రం మామూలు సన్నబియ్యమే. మొలగొలుకులకు పేరుపడ్డ ఊళ్లో ఆ బియ్యం అన్నం పెట్టి ఉంటే ఎంత బాగుండేదో అనిపించింది.

మధ్యాహ్నం రంగనాథస్వామి గుడికి వెళ్లి పెన్నా ఒడ్డున కాసేపు కూర్చున్నాం. మైపాడు బీచ్‌కు టైము చాల్లేదు. స్టేషన్‌కు వెళ్లే దారిలో మలై కాజాలు కొన్నాం. ఒకటి తింటే చాలు, రెండోది చాలా తీపి. కోవా నిల్వ ఉండదు కాబట్టి ఎక్కువ కట్టించుకోకండి.

బయల్దేరే ముందు పిన్ని మళ్లీ మెస్‌కు వెళ్దామని పట్టుబట్టింది. రొట్టెలు తెచ్చిన స్టీలు డబ్బా కడిగించి, ఇవాళ్టి కుండలోంచి పులుసు పోయించుకుంది. "రేపు తినండమ్మా, రేప్పొద్దుటికి బాగా ఊరతాది" అందామె, మూతకు గుడ్డ బిగించి కడుతూ. రైల్లో విజయవాడ దాకా మళ్లీ డబ్బా పిన్ని ఒళ్లోనే.

మర్నాడు మధ్యాహ్నం తమ్ముడు ఆఫీసు నుంచి భోజనానికి ఇంటికొచ్చాడు. పిన్ని వాడి కంచంలో వేడన్నం పెట్టి, గరిటె తగలనివ్వకుండా డబ్బా వంచి పులుసు పోసింది.