1/72 ఎక్స్-15 కిట్: కొనండి, కానీ లోపలి కాగితాన్ని నమ్మకండి

క్రిస్మస్ సెలవుల్లో వారం రోజులు డైనింగ్ టేబుల్ ఆక్రమించి, ఇంట్లో తిట్లు తిని మరీ పూర్తి చేసిన ప్లాస్టిక్ మోడల్ కిట్ ఇది. ఎక్స్-15 అంటే 1960ల నాటి అమెరికా రాకెట్ విమానం. అసలుదాని పొడవు పదిహేనున్నర మీటర్లు, 1/72లో, అంటే డెబ్బై రెండో వంతు సైజులో, జానెడు. రెక్కలు ఈ చివర నుంచి ఆ చివరికి తొమ్మిదిన్నర సెంటీమీటర్లే. ఇంత పొట్టి రెక్కలతోనే 1967లో పైలట్ పీట్ నైట్ గంటకి 7,274 కిలోమీటర్ల వేగం అందుకున్నాడంటే చేతిలో పట్టుకుని చూస్తున్నా నమ్మబుద్ధి కాదు. నాకు 25 డాలర్లయింది. కంపెనీ పేరు కావాలనే రాయట్లేదు.

ప్లాస్టిక్ బాగుంది. ఎంత బాగుందంటే నేనే దాన్ని అనుమానించి పాడు చేయబోయాను. నిలువు తోక వెనక అంచు మొద్దుగా, దళసరిగా ఉంది. మామూలుగా ఏ విమానం కిట్‌లోనైనా వెనక అంచు లావుగా వస్తే అచ్చు లోపమని సాండ్‌పేపర్‌తో పల్చగా అరగదీస్తాం కదా, అలాగే మొదలుపెట్టాను. నాలుగు రుద్దులు రుద్దాక ఎందుకో ఆగి ఫొటోలు వెతికాను. అసలుదీ అంతే! గొడ్డలిని పదును ముందుకి పెట్టి నిలబెడితే ఎలా ఉంటుందో అలా. మాక్ 5 (ధ్వనికి ఐదు రెట్ల వేగం) దాటాక పల్చటి తోకకి పట్టు చాలదని కావాలనే అలా చేశారు. ఆ శనివారమే డేటన్ (ఒహాయో) ఎయిర్‌ఫోర్స్ మ్యూజియంకి కారేసుకుని వెళ్లి (ఎంట్రీ ఫ్రీ) అక్కడున్న ఎక్స్-15 ఏ-2ని తోక వైపు నుంచి చూసొచ్చాను, అప్పటికిగానీ మనసు కుదుటపడలేదు.

ఎలా అతికించాలో చెప్పే కాగితం మాత్రం దారుణం. స్కిడ్లు (వెనక చక్రాలకి బదులు ఉండే జారుడు కాళ్లు) కిందికి దించి, కింది తోకని కూడా పూర్తిగా అతికించమని బొమ్మ వేశారు. అలా చేస్తే స్కిడ్ల కన్నా ముందు తోకే నేలకి తగులుతుంది, అసలు విమానంలో దిగే ముందు పైలట్ ఆ కింది ముక్కని వదిలేసేది అందుకే, అది పారాచూట్‌తో కిందికొచ్చేది. నేను ప్యానెల్ గీత వెంబడి చిన్న రంపంతో కోసేశాను. "నాన్నా, విరగ్గొట్టావా?" అని మా అమ్మాయి అడిగింది, ఏం చెప్తాం. స్కిడ్లు తోక కిందే ఉంటాయి కాబట్టి వెనక్కి ఒరుగుతుందన్న టెన్షన్ లేదు, ముక్కులో బరువు పెట్టే పని తప్పింది.

రంగు దగ్గర కూడా కాగితం "నలుపు" అని ఒక్క ముక్కతో సరిపెట్టింది. ఉత్త నలుపు కొడితే బొమ్మలా ఉంటుంది. అసలు చర్మం ఇంకోనెల్ ఎక్స్ అనే నికెల్ మిశ్రమం, వేడికి కమిలి ఫొటోల్లో ఒకచోట నీలంగా ఒకచోట గోధుమగా కనిపిస్తుంది. నలుపులో కొంచెం నీలం, ముందంచుల్లో చిటికెడు గోధుమరంగు కలిపాను.

డెకాల్స్‌లో (నీళ్లలో నానబెట్టి అతికించే స్టిక్కర్లలో) తెల్ల అక్షరాలు ఇబ్బంది పెట్టలేదు. తోక మీద నాసా అని రాసిన పసుపు పట్టీ మాత్రం ఆ మొద్దు అంచు దగ్గర మడవగానే చిరిగింది. పసుపు పెయింట్‌తో అతుకు వేశాను, దగ్గరగా చూస్తే తెలుస్తుంది. మీరైతే పట్టీని ముందే మూడు ముక్కలుగా కోసి వేసుకోండి.

రెండో కిట్ ఆర్డర్ పెట్టాను. ఈసారి స్కిడ్లు మడిచేసి, తోక కొయ్యకుండా, దాన్ని పైకి మోసుకెళ్లిన బి-52 బాంబర్ రెక్క కింద వేలాడుతున్నట్టు చేస్తాను.