రాతి మిద్దెలో ఆర్చర్ సీ6: కొనేముందు ఒక కేబుల్‌తో తేల్చుకోండి

టీపీ లింక్ ఆర్చర్ సీ6 మంచి రౌటర్. మా ఇంట్లో దాని పనితనం చూశాక ఈ మాట ధైర్యంగా చెప్తున్నా. అయినా "వైఫై సరిగా రావడంలేదు, ఏ రౌటర్ కొనమంటావక్కా?" అని అడిగిన వాళ్లందరికీ దీని పేరు చెప్పడంలేదు. ముందు ఒక ల్యాన్ కేబుల్ తెచ్చుకుని చూడమంటున్నా.

మాది కడపలో పాత రాతి మిద్దె. రాయీ మట్టీ పేర్చి కట్టిన గోడలు, రెండడుగుల మందం. గోడల్లో అరలన్నీ నల్ల కడప బండలే. నెట్ కంపెనీ వాళ్లు ఫైబర్ వైరు వీధి వాకిలి దాకా లాగి, వైఫై ఇచ్చే తమ పెట్టెను వసారాలో మీటరు బోర్డు పక్కనే బిగించి పోయారు. నేను పనిచేసేది వెనక గదిలో. నడుమ రెండు గోడలు. నాది ఇంటి నుంచి మెడికల్ కోడింగ్, అంటే రోగుల చార్టులు చదివి కోడ్‌లు వేసే పని. ఆఫీసు సిస్టమ్‌కు కలిపే వీపీఎన్ ఒకసారి తెగిందంటే చేతిలో ఉన్న చార్టు అక్కడే ఆగిపోతుంది, మళ్లీ లాగిన్, మళ్లీ ఓటీపీ. ఫోన్ చేసినప్పుడల్లా కస్టమర్ కేర్ వాళ్లది ఒకటే పాట: ఆఫ్ చేసి ఆన్ చేయండి, లేదంటే పెద్ద ప్లాన్‌కు మారండి.

పెద్ద ప్లాన్‌కు మారివుంటే నెలనెలా డబ్బు దండగ. ఆ సంగతి తేల్చింది మా వీధిలో కేబుల్ పనులు చేసే పిల్లోడు. వచ్చీ రాగానే ల్యాప్‌టాప్‌ను వసారాలోకి తెప్పించి, పెట్టెకు ల్యాన్ కేబుల్ తగిలించి స్పీడ్ టెస్ట్ పెట్టినాడు. 94 ఎంబీపీఎస్. మాది 100 ప్లాన్. పెట్టె పోర్టు కూడా 100దే కాబట్టి, అంతకు మించి రాదు. కేబుల్ పీకి అక్కడే కూర్చుని వైఫైలో చూస్తే నలభై దాటలేదు. అదే ల్యాప్‌టాప్ వెనక గదిలో పెడితే మూడు, నాలుగు.

"లైను బంగారం మాదిరి ఉందిక్కా. కంపెనీ వాళ్లతో కొట్లాడి ఏం లాభం? మీ గోడలే తినేస్తాండాయి" అన్నాడు.

ఈ మూడు కొలతలు చాలు. పెట్టె దగ్గర కేబుల్‌తోనే స్పీడు రాకపోతే తప్పు లైనుది, దాన్ని కంపెనీయే సరిచేయాలి. మీరు ఎంత ఖరీదైన రౌటర్ తెచ్చినా అది బాగవదు. కేబుల్‌లో బాగుండి, అదే గదిలో వైఫై నీరసంగా ఉంటే పెట్టె వైఫై చాలనట్టు. ఆ గదిలో బాగుండి లోపలి గదుల్లో రాకపోతే రౌటర్‌కు కాదు, అది ఉన్న చోటికి మార్పు కావాలి. మాకు పెట్టె వైఫైా చాలదు, అది ఉన్న చోటూ సరికాదు. కంపెనీ ఇచ్చింది 2.4 గిగాహెర్ట్జ్ వైఫై బ్యాండు ఒక్కటే ఉన్న పెట్టె. ఆ బ్యాండు దూరం పోతుంది కానీ వేగం తక్కువ. పైగా అందులో ఒకదాన్నొకటి తగలని ఛానళ్లు 1, 6, 11 మూడే. మా సందులో గోడకు గోడ ఆనుకున్న ఇళ్లు, అందరూ వాటి మీదే. ఫోన్లో వైఫై ఎనలైజర్ తెరిస్తే పక్కింటి పేర్లన్నీ ఒకదాని మీద ఒకటి పడి కనిపించాయి.

ఆర్చర్ సీ6లో 5 గిగాహెర్ట్జ్ బ్యాండు కూడా ఉంది. కంపెనీ లెక్కలో దాని వేగం 867 ఎంబీపీఎస్. పోర్టులన్నీ గిగాబిట్. రెండున్నర వేల లోపే దొరికింది. అయితే 5 గిగాహెర్ట్జ్ గోడలు దాటడంలో 2.4 కన్నా బలహీనం. దీన్ని తెచ్చి వసారాలోనే పెట్టుంటే వెనక గదికి పెద్దగా ఒరిగేదేమీ లేదు. అందుకే రౌటర్ కన్నా, పెట్టె నుంచి దాని దాకా లాగిన క్యాట్ 6 ల్యాన్ కేబుల్‌కే నేను ఎక్కువ మార్కులేస్తాను. రాతి గోడకు బెజ్జం కొట్టించే పని లేకుండా, తలుపుల మీది వెంటిలేటర్ సందుల్లోంచి లాగి, ద్వారబంధం అంచున క్లిప్పులు కొట్టి నడిమింట్లోకి తెచ్చినాడు ఆ పిల్లోడు. వెనక గది తలుపుకు ఎదురుగా, ఎత్తులో కూర్చుంది రౌటర్. తలుపు తీసి ఉంటే నా బల్ల దగ్గర తొంభై తగ్గదు, మూస్తే కొంచెం పడుతుంది. వీపీఎన్ మాత్రం తెగడంలేదు. ఇంతకు ముందు ఒకరి సలహా మీద, వైఫైని అందుకుని మళ్లీ పంపే రిపీటర్ గురించి ఆలోచించాం కానీ, చవక రిపీటర్ ఒకే రేడియోతో వినాలి, పంపాలి కాబట్టి వేగం సగానికి పడిపోతుంది. అసలు అందేదే మూడు, నాలుగు అయినచోట దానికి పంచడానికి ఏముంటుంది!

సెట్టింగుల్లో ఒక్కటి మరిచిపోవద్దు. అడ్వాన్స్‌డ్‌లో ఆపరేషన్ మోడ్‌కు పోయి యాక్సెస్ పాయింట్ పెట్టుకోవాలి, అప్పుడు ఇది వైఫై మాత్రమే ఇస్తుంది. లేకపోతే పెట్టె ఒకటి, రౌటర్ ఒకటి రెండూ పరికరాలకు ఐపీలు (నెట్‌వర్క్ అడ్రసులు) పంచుతాయి, వసారాలో ప్రింటర్ నడిమింట్లో ఫోన్‌కు కనిపించదు. పెట్టెలోని వైఫైకీ దీనికీ ఒకే పేరు, ఒకే పాస్‌వర్డ్ ఇచ్చాం. 2.4 మీద ఒకటి 1లో, ఇంకొకటి 11లో. మా అత్తమ్మ వసారాలో సీరియల్ చూస్తూ లోపలికి నడిచొచ్చినా ఫోన్ దానంతట అదే మారుతుంది.

కొనేవాళ్లు గమనించాల్సినవి కొన్ని. దీనికి ఫైబర్ నేరుగా తగిలించలేం, కంపెనీ పెట్టె ఉండాల్సిందే. ఇది వైఫై 5, అంటే వైఫై 6 కన్నా పాత తరం. 100 ప్లాన్ ఉన్న ఇంటికి ధారాళంగా సరిపోతుంది. ఇంట్లో కొత్త ఫోన్లు ఎక్కువగా ఉండి పెద్ద ప్లాన్ వాడేవాళ్లు వైఫై 6 రౌటర్ చూడటం మేలు, అప్పుడు పెట్టె పోర్టు కూడా గిగాబిట్‌దో కాదో కనుక్కోవాలి. అన్నిటికన్నా కడపోళ్లకు ముఖ్యమైనది: దీన్ని 40 డిగ్రీల వేడి వరకే వాడమని కంపెనీ రాసింది. మే నెలలో మన ఊరి ఎండ దాన్ని దాటేస్తుంది. టీవీ వెనకా, తలుపులున్న బీరువాలోనూ, ఎండ తగిలే బండ అర మీదా పెట్టకండి. మేం నాలుగు పక్కలా గాలాడే చెక్క స్టాండు కొట్టించాం.

కరెంటు పోయినప్పుడు పెట్టె, రౌటర్ రెండూ నడవాలి కాబట్టి చిన్న యూపీఎస్ రెండిటికీ కావాలి. రౌటర్‌ది 12 వోల్టులు. పెట్టెది ఎంతో దాని అడాప్టర్ మీద చదువుకుని తెచ్చుకోండి, ఆంపియర్లు కూడా సరిచూసుకుని.