వాల్డెన్ పాండ్‌లో గాలం: ట్రౌట్‌కి ఏప్రిల్, బాస్‌కి తెల్లవారుజాము

బోస్టన్ చుట్టుపక్కల ఉంటూ, చిన్నప్పుడు ఊళ్లో చెరువు గట్టున గాలం వేసిన అలవాటు ఇంకా పోనివాళ్ల కోసం ఇది రాస్తున్నాను. కాంకర్డ్‌లో ఉన్న వాల్డెన్ పాండ్‌కి ఆరేళ్లుగా వెళ్తున్నాను. జనం అక్కడికి ఈతకో, ఆకులు ఎర్రబడినప్పుడు ఫొటోలకో వస్తారు, నాకు మాత్రం అది ముందు చేపల చెరువు, మిగతావన్నీ ఆ తర్వాతే.

పేరుకి పాండ్ అంటారు గానీ మన లెక్కలో పెద్ద చెరువే. 61 ఎకరాలు, చుట్టూ నడిస్తే 1.7 మైళ్లు. ఎప్పుడో మంచు యుగం చివర్లో హిమానీనదం కరిగిపోతూ వదిలేసిన గుంట ఇది, వచ్చే వాగు లేదు, పోయే కాలువ లేదు, అంతా ఊట నీరే, అందుకే అంత తేటగా ఉంటుంది. లోతు 102 అడుగులు. 1846లో ఇక్కడే గుడిసె వేసుకుని ఉన్న ఒక రచయిత తాడుకి రాయి కట్టి దించి ఆ లెక్క తేల్చాడు, ఇప్పటి పరికరాలతో కొలిచినా దాదాపు అంతే వచ్చింది. లోతు గురించి ఇంతగా ఎందుకు చెబుతున్నానంటే, ట్రౌట్ అనే చేపకి చల్లటి నీళ్లు ఉండాలి, లోతు లేని చెరువుల్లో వదిలిన ట్రౌట్ వేసవి దాటడం కష్టం. ఇక్కడ మాత్రం కిందకి దిగిపోయి ఎండలు గడిపేసి, మరుసటి ఏడాది ఇంకాస్త పెరిగి కనిపిస్తాయి.

రాష్ట్ర వన్యప్రాణి శాఖ, అంటే మాస్‌వైల్డ్‌లైఫ్, తన 5 హేచరీల్లో పెంచిన ట్రౌట్‌ని ప్రతి వసంతంలో రాష్ట్రమంతా కలిపి దాదాపు 5 లక్షలు వదులుతుంది, ఆకులు రాలే కాలంలో మళ్లీ కొన్ని. వాల్డెన్‌కి రెండు విడతల్లోనూ వస్తాయి. ఏ చెరువులో ఎప్పుడు వదిలారో వాళ్ల సైట్లో పెడతారు, ఏప్రిల్ వచ్చిందంటే నేను పొద్దున్నే వాతావరణం కన్నా ముందు అదే చూస్తాను. కొత్తగా వదిలిన చేపకీ పాత చేపకీ తేడా చేతిలోకి తీసుకోగానే తెలిసిపోతుంది. కొత్తదానికి సిమెంటు తొట్టెల్లో రాసుకుని రెక్కల అంచులు అరిగిపోయి ఉంటాయి, రంగు కూడా కాస్త మసకే. వదిలి ఏడాది దాటిన రెయిన్‌బో రకం ట్రౌట్ అలా కాదు, తోక రెక్క కత్తిరించినట్టు నీటుగా, ఒళ్లంతా వెండిలా, పక్కన ఆ గులాబీ చార. అలాంటిది పడిన రోజు ఇంకేం పడకపోయినా నాకు చాలు.

నీళ్లు తేటగా ఉంటాయి కాబట్టి లావు తీగ పనికిరాదు, 4 పౌండ్ల బరువు ఆపే సన్నటి ఫ్లోరోకార్బన్ తీగ వాడితే తేడా మీకే తెలుస్తుంది. ఎరకి నేను బెర్క్‌లీ వాళ్ల పవర్‌బెయిట్ ముద్దలే వాడతాను. మన దగ్గర బెండు పైన తేలుతుంది, ఎర కింద వేలాడుతుంది కదా, ఇక్కడ తిరగేసుకోవాలి. బరువు అడుగున కూర్చుంటుంది, తేలే గుణం ఉన్న ఈ ముద్ద దాని పైన అడుగున్నర ఎత్తులో నిలబడుతుంది, ట్రౌట్ తిరిగేది అక్కడే. ఒక్క జాగ్రత్త: మసాచుసెట్స్‌లో ఔన్సు కన్నా తక్కువ బరువున్న సీసం గుళ్లు 2012 నుంచి నిషేధం. లూన్ పక్షులు వాటిని మింగి విషమెక్కి చచ్చిపోతున్నాయని పెట్టిన రూలు. దారిలో ఒక దుకాణంలో నాకు పాత స్టాకు సీసం గుళ్లే అంటగట్టారు, డబ్బా మీద చిన్న అక్షరాలు చదివితే గానీ తెలియలేదు, చాలా కోపం వచ్చింది. టిన్ను గానీ టంగ్‌స్టన్ గానీ అడిగి తీసుకోండి.

జూన్ వచ్చాక ఒడ్డు నుంచి ట్రౌట్ మీద ఆశ పెట్టుకోకండి, కయాక్ ఉంటే వేరే సంగతి (పెట్రోలు ఇంజిన్లకి అనుమతి లేదు). అప్పుడిక బాస్ చేపలే. మొన్న వేసవిలో మా నాన్న వచ్చినప్పుడు తెల్లవారకముందే వెళ్లి, రైలు పట్టాల వైపు రాళ్లున్న ఒడ్డున రబ్బరు పురుగు వేశాం. కైకలూరులో కొల్లేటి కాలవల మీద పెరిగిన మనిషి, రీలు తిప్పడం పది నిమిషాల్లో పట్టేశారు. స్మాల్‌మౌత్ రకం బాస్ ఒకటి తగిలి నీళ్లలోంచి రెండుసార్లు ఎగిరింది, కంచు రంగు ఒళ్లు, ఎర్రటి కన్ను. "ఒరేయ్, ఇది కొర్రమీను తమ్ముడిలా ఉందిరా, అదీ ఇలాగే మాటేసి కొడుతుంది" అన్నారు. బాస్‌కి పదునైన పళ్లుండవు, కింది పెదవిని బొటనవేలితో పట్టుకుని ఎత్తొచ్చు, నాలుగైదు చేపలు పట్టేసరికి వేలి చర్మం గరుకు కాగితంతో రుద్దినట్టు అవుతుంది. ఆ గరుకు వేలు నాన్న సాయంత్రం అమ్మకి వీడియో కాల్‌లో చూపించారు.

లైసెన్స్ 15 ఏళ్లు నిండిన అందరికీ తప్పనిసరి, గాలం మీరు పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంటే పర్వాలేదు గానీ అమ్మానాన్నల చేతికి ఇస్తే వాళ్లకీ ఉండాలి. బయటివాళ్లకి 3 రోజుల లైసెన్స్ ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. జూన్ మొదట్లో ఒక శని, ఆదివారాలు మంచినీటి చేపలకి లైసెన్స్ లేకుండానే పట్టనిస్తారు, టికెట్లు కుదిరితే ఆ వారానికి వాళ్లు ఇక్కడ ఉండేలా చూసుకోండి. ట్రౌట్ రోజుకి 3, బాస్ 5, అదీ 12 అంగుళాలు దాటితేనే. పార్కింగ్ మసాచుసెట్స్ నంబర్ ప్లేటుకి 8 డాలర్లు, వేరే రాష్ట్రానికి 30. వేసవి వారాంతాల్లో నిండగానే గేటు మూసేస్తారు కాబట్టి పెందలాడే వెళ్లాలి. చెరువు చుట్టూ దారి ఇరుకు, రెండు పక్కలా కంచె తీగలు ఉంటాయి, ఒడ్డు కోసుకుపోకుండా కట్టినవి. వాటిని దాటొద్దు, నీళ్లలోకి దిగడానికి అక్కడక్కడా రాతి మెట్లున్నాయి.

ఇక వంట. బాస్‌ని నేను ఇంటికి తేను, నీళ్లలోకి వదిలేస్తాను. ఈ రాష్ట్రంలో చెరువుల్లో పుట్టి పెరిగిన చేపల్లో పాదరసం ఉంటుందని, 12 ఏళ్ల లోపు పిల్లలూ గర్భిణులూ పాలిచ్చే తల్లులూ తినొద్దని ఆరోగ్య శాఖే చెబుతుంది, వదిలిన ట్రౌట్‌కి మాత్రం ఆ ఇబ్బంది లేదంటుంది. ట్రౌట్‌తో పులుసు పెట్టకండి, మెత్తటి కండ, చింతపండు రసంలో ఒక్క ఉడుకుకే విడిపోతుంది. పొలుసు తీసే పని కూడా లేదు, కడుపు శుభ్రం చేసి, గాట్లు పెట్టి, ఉప్పు, కారం, పసుపు, కాస్త అల్లం వెల్లుల్లి, పైన బియ్యప్పిండి చల్లి పెనం మీద తోలు కరకరలాడేదాకా వేయించండి. నాన్నకి పప్పుచారుతో అలా పెట్టాను, ముళ్లు నిదానంగా తీసుకుంటూ రెండు చేపలు తిన్నారు.