అమెరికా ఐఫోన్ 15 ప్రో వైజాగ్‌లో: రెండేళ్లు దాటాక

2023 చివర్లో డల్లాస్ నుంచి సెలవులకు వస్తున్న మా బావమరిది చేత ఐఫోన్ 15 ప్రో తెప్పించుకున్నాను. 128 జీబీ, అన్‌లాక్డ్, అంటే ఏ కంపెనీ సిమ్ అయినా పనిచేసేది. అప్పట్నుంచి నా చేతిలో ఉన్నది ఇదే. కెమెరా ఎలా ఉంది, ఎంత స్పీడు అన్నవి చెప్పేవాళ్లు బోలెడుమంది ఉన్నారు, నేను ఆ జోలికి పోను. అమెరికాలో కొన్న ఫోన్ వైజాగ్‌లో ఎలా కాపురం చేసింది అన్నదే ఇక్కడ సంగతి.

ముందు డబ్బు లెక్క. అక్కడ ధర 999 డాలర్లు. డల్లాస్‌లో 8.25 శాతం సేల్స్ ట్యాక్స్ కలిపితే 1,081 అయింది. డాలర్ 83 రూపాయలున్న రోజులు, అంటే దాదాపు 90 వేలు. ఇక్కడ అదే ఫోన్ 1,34,900. మిగులు 45 వేలు అని సంబరపడేలోపు కస్టమ్స్ ఉంది. అప్పటి బ్యాగేజీ నిబంధనల ప్రకారం 50 వేల దాకా సుంకం లేదు, ఆపై విలువ మీద 38.5 శాతం. సీల్ తీయని కొత్త ఫోన్ కదా, మావాడు చూపించి కట్టేశాడు. పదిహేను వేల పైచిలుకు అక్కడే పోయింది. "బావా, అందరూ జేబులో పెట్టుకుని వచ్చేస్తారు" అన్నాడు గానీ, ఆ టెన్షన్ పడేవాళ్లు పడొచ్చు, నాకు వద్దు. ఏతావాతా మిగిలింది 30 వేలు.

మామూలు ఐఫోన్ 15కి ఇదే లెక్క వేస్తే అసలు గిట్టదు. అప్పట్లో అక్కడ అన్‌లాక్డ్ 829 డాలర్లు, ట్యాక్స్‌తో 74 వేల పైన. ఇక్కడ 79,900. బ్యాంకు కార్డు ఆఫరు, పాత ఫోన్ ఎక్స్‌ఛేంజీ పెడితే మన ద్వారకానగర్ షాపులోనే చవక. ప్రో కాకపోతే చుట్టాల సూట్‌కేసులు బరువెక్కించకండి. ప్రోలో కూడా తేడా తగ్గింది: 2024 బడ్జెట్‌లో ఫోన్ల మీద కస్టమ్స్ సుంకం 20 నుంచి 15 శాతానికి దిగాక, 16 ప్రో ఇక్కడ 1,19,900కి వచ్చింది. అమెరికాలో మాత్రం అప్పుడూ అదే 999.

కొనేటప్పుడు చూడాల్సింది ఒకటుంది. అక్కడ నెట్‌వర్క్ కంపెనీలు నెలవారీ వాయిదాల మీద ఇచ్చే ఫోన్లు చాలావరకు బాకీ తీరేదాకా లాక్‌లోనే ఉంటాయి, వేరే కంపెనీ సిమ్ పనిచేయదు. ఫోన్ ఆన్ చేసి సెట్టింగ్స్, జనరల్, అబౌట్‌లోకి వెళ్తే క్యారియర్ లాక్ అనే చోట 'నో సిమ్ రిస్ట్రిక్షన్స్' అని కనబడాలి. అది అక్కడుండగానే చూడమనండి. ఇక్కడికొచ్చాక చూస్తే చేసేదేమీ లేదు.

సిగ్నల్ విషయంలో వంక పెట్టడానికి లేదు. అమెరికా మోడల్‌లో మన జియో, ఎయిర్‌టెల్ 5జీ బ్యాండ్లు ఉన్నాయి. సిరిపురంలో గానీ మధురవాడలో గానీ మా ఆవిడ ఇండియా ఫోన్‌కీ దీనికీ తేడా కనబడలేదు. ఆండ్రాయిడ్ తెప్పించుకునేవాళ్లు మాత్రం జియోకి 2జీ, 3జీ లేవని గుర్తుంచుకోండి. ఆ ఫోన్‌లో వోల్టీ, అంటే 4జీ మీదే కాల్ వెళ్లే సదుపాయం, పనిచేయకపోతే మామూలు కాల్ కూడా వెళ్లదు.

అసలు తలనొప్పి సిమ్. ఐఫోన్ 14 నుంచి అమెరికా మోడళ్లకు సిమ్ ట్రే లేదు, అంతా ఈ-సిమ్మే, అంటే ప్లాస్టిక్ కార్డు లేకుండా ఫోన్ లోపలే ఉండే సిమ్. ఈ-సిమ్‌కి మారడం చెప్పినంత కష్టం కాదు. ఎయిర్‌టెల్ అయితే పాత ఫోన్ నుంచి 121కి మెసేజ్ పెడితే మెయిల్‌కి క్యూఆర్ కోడ్ వస్తుంది, కొత్త ఫోన్‌ని వైఫైలో పెట్టి స్కాన్ చేయడమే. కానీ సిమ్ మారిన తర్వాత 24 గంటలు ఎస్సెమ్మెస్‌లు ఆపేస్తారు, మోసాలు జరగకుండా పెట్టిన నిబంధన అది. ఓటీపీ రాదు. కొత్త ఫోన్‌లో యూపీఐ నమోదు కావాలంటే మన నంబర్ నుంచి ఎస్సెమ్మెస్ వెళ్లాలి, అదీ వెళ్లదు. ఆ రోజు ఎంవీపీ కాలనీ రైతుబజారుకి వెళ్లాలన్నా జేబులో నోట్లు ఉండాల్సిందే.

ఇంత చేశాక ఒక్కసారితో అయిపోతుందనుకుంటాం. పోయిన వర్షాకాలం ఆర్టీసీ కాంప్లెక్స్ మెట్ల మీద పడి వెనక గ్లాసు పగిలింది. సర్వీస్ సెంటర్ వాళ్లు ఫోన్ ఉంచుకుంటామన్నారు. మామూలు ఫోనైతే సిమ్ తీసి పాతదాంట్లో వేసుకుని ఇంటికెళ్లిపోతాం. నా పాత ఫోన్‌కి ఈ-సిమ్ లేదు. ఆధార్ పట్టుకుని నెట్‌వర్క్ స్టోర్‌కి వెళ్లి మళ్లీ ప్లాస్టిక్ సిమ్ తీసుకోవాలి, మళ్లీ 24 గంటలు ఓటీపీలు బంద్. రిపేరై వచ్చాక తిరిగి ఈ-సిమ్, మరో 24 గంటలు. స్టోర్‌లో సర్వర్ డౌన్ అంటూ తిప్పడం వేరే. ముప్పై వేలు మిగిలాయన్న ఆనందం ఆ వారంలో కాస్త చల్లబడింది.

సర్వీస్ సెంటర్ కుర్రాడు ఇంకో మాట చెప్పాడు. గ్లాసు, బ్యాటరీ లాంటివైతే పర్లేదట, ఫోన్ మొత్తం మార్చాల్సి వస్తే ఈ ట్రే లేని మోడల్ తమకు రాదన్నాడు. ఐఫోన్ వారంటీని కొన్న దేశానికే పరిమితం చేయొచ్చని ఆపిల్ వారంటీ కాగితంలోనే ఉంది, కొనేముందు చదువుకోండి.

మిగతావి చిన్నవే. శాటిలైట్ ద్వారా అత్యవసర మెసేజ్ పంపే సదుపాయం మన దేశంలో లేదు, అమెరికాలో దాని గురించి ఎంత చెప్పుకున్నా ఇక్కడ వట్టిదే. మొదట్లో వేడెక్కే గొడవ ఐఓఎస్ 17.0.3 సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌తో తగ్గింది. మే నెల మధ్యాహ్నం బీచ్ రోడ్డులో బైక్ మీద మ్యాప్ పెడితే ఇప్పటికీ స్క్రీన్ మసకబారుతుంది, ఆ మాటకొస్తే ఇండియా ఫోనూ అంతే.

ఈమధ్య రేటు కనుక్కుందామని డాబాగార్డెన్స్‌లో ఓ షాపుకి తీసుకెళ్లాను. పక్కలు తిప్పి చూసి, "యూఎస్ పీసా సార్? ట్రే లేదు కదండీ, మా దగ్గర తీసుకునేవాళ్లు తక్కువ" అని ఇండియా పీసు కన్నా బాగా తగ్గించి చెప్పాడు. అమ్మలేదు.

గల్ఫ్‌లో ఉన్నవాళ్ల చేత తెప్పించుకుంటే ట్రే ఉంటుందని ఇంకా చాలామంది అనుకుంటున్నారు. 2025లో వచ్చిన 17 సిరీస్ నుంచి యూఏఈ, సౌదీ, ఖతర్, కువైట్‌లలో కూడా ఈ-సిమ్ మోడలే. సింగపూర్‌లో 17, 17 ప్రోలకు ట్రే ఉంది. 9 శాతం జీఎస్టీని పర్యాటకులు తిరిగి తీసుకోవచ్చు, వైజాగ్ నుంచి నేరుగా విమానం కూడా ఉంది. ఎలాగూ అటు వెళ్లేవాళ్లకి అదే మంచి బేరం. మా ఆవిడకి మాత్రం ఈసారి ద్వారకానగర్‌లోనే తీసుకుంటున్నాం.